అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలా? మన చట్టం ఏమంటోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో ఏడేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. అక్కడ ఆడవాళ్లు, వాళ్ల అమ్మలు, కొన్నిసార్లు భర్తలు పదే పదే అడిగిన ప్రశ్నలు ఇవి. బయట మీటింగుల్లో చదువుకున్నవాళ్లు అడిగినవి కూడా కొన్ని కలిపాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: అబార్షన్ చట్టబద్ధంగానే ఉండాలి, నిర్ణయం ఆ గర్భం మోసే మనిషిదే కావాలి. అలా అనుకోనివాళ్ల వాదన కూడా ఇక్కడ ఉంది, వీలైనంత నిజాయితీగా రాశాను.

మన దేశంలో అబార్షన్ నేరమా, కాదా?

రెండూ నిజమే. అందుకే ఇంత గందరగోళం. బ్రిటిష్ వాళ్లు 1860లో తెచ్చిన శిక్షాస్మృతి గర్భం తీయించడాన్ని నేరంగా పెట్టింది. తనకు తానుగా తీయించుకున్న స్త్రీ కూడా నేరస్తురాలే అని అందులో వివరణ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాటలు 88వ సెక్షన్‌గా అలాగే ఉన్నాయి. స్త్రీకి ఇష్టం లేకుండా గర్భం తీయిస్తే 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఇది ఉండాల్సిందే.

ఆ నేరానికి మినహాయింపుగా వచ్చింది ఎంటీపీ (మెడికల్ టర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ) చట్టం. శాంతిలాల్ షా కమిటీ సిఫార్సులతో 1971లో చేశారు, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. చట్టంలో చెప్పిన కారణాలకు, చెప్పిన వారాల లోపు, అనుమతి ఉన్న చోట, అర్హత ఉన్న డాక్టర్ చేస్తే అది నేరం కాదు. 2021లో పెద్ద సవరణ జరిగింది. ఆ సవరణ 2021 సెప్టెంబర్ 24 నుంచి అమల్లో ఉంది, దానికి తగ్గ నియమాలు ఆ అక్టోబర్‌లో వచ్చాయి.

ఒక్క విషయం గమనించండి. ఈ చట్టం "స్త్రీకి హక్కు ఉంది" అని ఎక్కడా చెప్పలేదు. "డాక్టర్ మీద కేసు ఉండదు" అని చెప్పింది. అప్పటి ప్రభుత్వానికి నాటు మంత్రసానుల చేతుల్లో చనిపోతున్న తల్లుల గురించీ, జనాభా గురించీ బెంగ ఉంది. ఆడమనిషి ఇష్టం అనేది చర్చలో చాలా వెనక ఉండింది. కాబట్టే ఇప్పటికీ ఆమె డాక్టర్ ముందు కారణం చెప్పి ఒప్పించాలి.

ఎన్ని వారాల వరకు చేస్తారు? ఆ వారాలు ఎక్కడి నుంచి లెక్క?

20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అది కూడా కొన్ని వర్గాల స్త్రీలకే. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం తక్షణం కాపాడటానికి చేయాల్సి వస్తే ఏ వారమైనా చేయొచ్చు, అక్కడ గడువు లేదు.

ఇక లెక్క. చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు, నెల తప్పిన రోజు నుంచి కాదు. నేను చూసినంతలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఒకావిడ జూన్ 1న వచ్చింది. పాల ప్యాకెట్ల కవర్లో మడిచిన పాత స్కాన్ చీటీ, పక్కన నాలుగేళ్ల బాబు. "మూడున్నర నెలలే కదా సిస్టర్" అంది. చివరిసారి ఎప్పుడయ్యావమ్మా అంటే "భోగి నాడు తలకి పోసుకున్నా" అంది. తేదీలు ఎవరికీ గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. సిస్టర్ గోడ మీది క్యాలెండర్ దింపి, జనవరి 14 మీద పెన్ను పెట్టి వారాలు లెక్కపెట్టింది. 19 వారాల 5 రోజులు. 20 వారాలకు రెండు రోజులే తక్కువ. ఆవిడేమో ఫిబ్రవరిలో నెల తప్పిన రోజు నుంచి లెక్క వేసుకుని, ఇంకా టైం ఉందని ఊళ్లో కల్లం పనులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు డాక్టరమ్మ మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లకుండా కాగితాలు పూర్తి చేశారు. ఇంకో మూడు రోజులు ఆలస్యమై ఉంటే, పెళ్లయి, ఆరోగ్యంగా ఉండి, కాన్పుల మధ్య ఎడం కోసం వేసుకున్న కాపర్ టీ ఫెయిలైన ఆవిడకు చట్టంలో దారి దాదాపు మూసుకుపోయేది.

20 నుంచి 24 వారాల వెసులుబాటు ఎవరికి?

అత్యాచారానికో, దగ్గరి బంధువు చేసిన లైంగిక హింసకో గురైనవారు, 18 ఏళ్లు నిండనివారు, గర్భం వచ్చాక భర్త చనిపోయినవారు లేదా విడాకులైనవారు, వైకల్యం ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, బిడ్డలో ప్రాణానికో బతుకుకో ప్రమాదం తెచ్చే లోపం ఉన్నవారు, వరదలు, యుద్ధం లాంటి విపత్తుల్లో చిక్కుకున్నవారు.

పెళ్లికాని అమ్మాయికి అబార్షన్ చేయొచ్చా?

చేయొచ్చు. 1971 చట్టం గర్భనిరోధకం ఫెయిలైన సందర్భంలో "వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త" అని మాత్రమే రాసింది. 2021లో దాన్ని "స్త్రీ లేదా ఆమె భాగస్వామి" అని మార్చారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. 20-24 వారాల వెసులుబాటులో పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అనే తేడా చూపడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చినదిగానే చూడాలని అదే తీర్పులో ఉంది.

చట్టం మారినా ఓపీ గదిలో మొదటి ప్రశ్న ఇంకా "పెళ్లయిందా?" అనే ఉంటోంది. ఆ ప్రశ్నకు భయపడి మెడలో పసుపుతాడు కట్టుకుని వచ్చిన అమ్మాయిలను చూశాను. ఒకమ్మాయి తాడుకి పసుపు ఇంకా తడిగా ఉంది, చుడీదార్ మెడ పట్టీకి అంటుకుంది. నేను ఏమీ అడగలేదు.

భర్త సంతకం కావాలా?

అక్కర్లేదు. 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే కావాలి. ఫారం సి మీద ఆమె సంతకమో వేలిముద్రో చాలు. భర్తది, అత్తది, నాన్నది, ఎవరిదీ చట్టం అడగలేదు. భార్య తనకు చెప్పకుండా అబార్షన్ చేయించుకుందని నష్టపరిహారం కోరుతూ ఒక భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2017లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

మరి ఆసుపత్రులు ఎందుకు అడుగుతాయి? భయం. రేపు మొగుడొచ్చి గొడవ చేస్తే, అద్దాలు పగలగొడితే, కేసు పెడితే అని. ఆ భయం నాకు అర్థమవుతుంది, నర్సు మీద చెయ్యెత్తిన మనుషుల్ని చూశాను. కానీ ఆ భయానికి ధర ఎవరు చెల్లిస్తున్నారు? మొగుడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే, సంతకం కోసం వాట్సాప్‌లో కాగితం పంపించి తెప్పించుకోమన్న చోటు కూడా నాకు తెలుసు. మొగుడి దెబ్బలు తప్పించుకుని పుట్టింటికి వచ్చేసినామెను "ఆయన్ని తీసుకురా" అని వెనక్కి పంపిన చోటూ తెలుసు. ఆమె మళ్లీ వచ్చేసరికి ఐదు వారాలు గడిచాయి. చట్టంలో లేని షరతులు పెట్టొద్దని 2022 తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకు ఈ మాట ఎదురైతే "ఎంటీపీ చట్టం 3వ సెక్షన్‌లో నా సమ్మతి చాలని ఉంది కదా" అని మెల్లగా, గట్టిగా అడగండి. కుదరకపోతే ఇంకో ఆసుపత్రికి వెళ్లండి, కానీ రోజులు పోనివ్వకండి.

18 ఏళ్లు నిండని అమ్మాయి అయితే?

సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వడం డాక్టర్ బాధ్యత. దీనికి భయపడే చాలా కుటుంబాలు ఆసుపత్రి మెట్లెక్కవు, ఆర్ఎంపీల దగ్గరికి వెళ్తాయి. సుప్రీంకోర్టు 2022లో ఈ చిక్కును కొంత సడలించింది: అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు పోలీసులకు ఇవ్వకుండానే డాక్టర్ సమాచారం ఇవ్వొచ్చు. సాయం కోసం పిల్లలకు 1098, మహిళలకు 181 నంబర్లు ఉన్నాయి. జిల్లాల్లో హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు ఉన్నాయి.

24 వారాలు దాటితే హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రకు చెందిన 14 ఏళ్ల బాలిక విషయంలో సుప్రీంకోర్టు దాదాపు 30 వారాల దగ్గర అనుమతి ఇచ్చింది. వారం తిరక్కుండానే తల్లిదండ్రులు భయపడి మనసు మార్చుకోవడంతో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఆ వారం రోజులు ఆ పిల్ల మనసులో ఏం నడిచిందో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆలస్యమైతే సరైన దారి అంటూ ఏదీ మిగలదు, అన్నీ కష్టమైనవే.

టిఫా స్కాన్‌లో లోపం ఉందన్నారు. ఇప్పుడేం చేయాలి?

టిఫా స్కాన్ సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. గుండె, వెన్నెముక, మెదడు అప్పటికిగానీ స్పష్టంగా కనిపించవు. పాత చట్టంలో గడువు సరిగ్గా 20 వారాలు. అంటే లోపం తెలిసేసరికి తలుపు మూసుకునేది. 2008లో ముంబైకి చెందిన నికేతా మెహతా, బిడ్డ గుండెలో తీవ్ర లోపం ఉందని 24 వారాల దగ్గర బాంబే హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే గర్భం దానంతట అదే పోయింది. గడువు పెంచాలన్న చర్చ ఆ కేసుతోనే ఊపందుకుంది, చట్టం మారడానికి 13 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు చాలు. ఆ పైన మెడికల్ బోర్డు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే 5 రోజుల్లోపు ప్రక్రియ పూర్తయ్యేలా చూడాలి అని నియమాల్లో ఉంది. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, కౌంటర్ దగ్గర పనికొస్తాయి.

ఇక్కడ వైకల్యంతో బతుకుతున్నవాళ్లు వేసే ప్రశ్న ఒకటుంది. "మామూలు బిడ్డకు 20 వారాల గడువు, మాలాంటి బిడ్డ అయితే గడువే లేదా? మా ప్రాణం విలువ తక్కువని చట్టమే చెబుతోందా?" ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అలాంటి బిడ్డను పెంచడానికి మన దగ్గర థెరపీ సెంటర్లు, స్కూళ్లు, డబ్బు సాయం సరిగా ఉంటే కొందరు తల్లులు వేరే నిర్ణయం తీసుకునేవాళ్లు. అవేవీ ఇవ్వకుండా, కను అని ఆమెను శాసించడం మాత్రం న్యాయం కాదు.

మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకోవచ్చా?

"డేట్ రావడానికి టాబ్లెట్ ఇవ్వు అన్నా" అని అడిగితే ఇచ్చేసే షాపులు ఉన్నాయని అందరికీ తెలుసు. 2015లో దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని, అందులో 73 శాతం ఆసుపత్రి బయట మాత్రలతోనే అయ్యాయని ఒక పెద్ద అధ్యయనం 2018లో అంచనా వేసింది. అంటే ఇదేదో కొందరి తప్పు కాదు, ఆసుపత్రి తలుపు అందనప్పుడు ఆడవాళ్లు ఎంచుకున్న దారి.

మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మంచి మందులే. 9 వారాల లోపు, డాక్టర్ చీటీతో వాడాలి. వారాలు తప్పుగా లెక్కపెట్టినా, గర్భం ట్యూబులో ఉన్నా ప్రమాదం. ట్యూబులో ఉన్న గర్భం ఈ మాత్రలకు పోదు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ముందు ఒక్క స్కాన్ చేయించుకోండి.

వేసుకున్నాక గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ వరసగా రెండు గంటలు అలాగే ఉంటే, జ్వరం, దుర్వాసన, భరించలేని కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మాత్రలు వేసుకున్న సంగతి డాక్టర్‌కు దాచొద్దు. తిట్లు తినాల్సి వస్తుందని ఇంట్లో పడుకుని, హిమోగ్లోబిన్ 4కి పడిపోయాక వచ్చినవాళ్లున్నారు. తిట్టినా సరే వెళ్లండి.

ఆడపిల్ల అని తెలిసి తీయించుకోవడం కూడా హక్కేనా?

కాదు. లింగ నిర్ధారణ నేరం. అందుకే 1994లో పీసీపీఎన్‌డీటీ చట్టం తెచ్చారు. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు ఉండేది అందుకే. 2001 జనాభా లెక్కల్లో దేశంలో ఆరేళ్ల లోపు మగపిల్లలు 1000 మందికి ఆడపిల్లలు 927 మంది. 2011కి అది 920 కంటే దిగువకు పోయింది. ఇది ఆడపిల్ల పుట్టుక మీద మన ఇళ్లలో ఉన్న ద్వేషం.

కానీ ఆ చట్టం కింద నేరం అబార్షన్ కాదు, ఆడా మగా అని తెలుసుకోవడం. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల నాలుగు నెలలు దాటిన ఏ స్త్రీ వచ్చినా అనుమానంగా చూసి పంపేస్తున్నారు. పీసీపీఎన్‌డీటీ చట్టం కూడా గర్భిణిని భర్తో బంధువులో బలవంతపెట్టారనే ముందుగా భావించాలని చెబుతుంది. చట్టానికి ఉన్న ఆ జాలి మనకూ ఉండాలి.

గర్భంలో ఉన్నది ప్రాణం కాదా? దాన్ని తీయడం హత్య కాదా?

ఇదే అసలు ప్రశ్న. దాటవేయను.

వ్యతిరేకించేవాళ్ల మాట ఇది: గర్భం నిలిచిన క్షణం నుంచే అది మనిషి ప్రాణం. బలహీనమైనది, తనకోసం మాట్లాడలేనిది. అలాంటి ప్రాణాన్ని కాపాడకపోతే ఇక చట్టం ఎవరికోసం? మదర్ థెరిసా 1979లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ, శాంతిని అన్నిటికన్నా ఎక్కువగా నాశనం చేసేది అబార్షనే అన్నారు. మన శాస్త్రాల్లో భ్రూణహత్య మహాపాపం. క్యాథలిక్ చర్చి గర్భం నిలిచినప్పటి నుంచీ ఒప్పుకోదు. ముస్లిం పండితుల్లో చాలామంది 120 రోజులను హద్దుగా తీసుకుంటారు. ఈ మాటలు చెప్పేవాళ్లందరూ ఆడవాళ్లంటే గిట్టనివాళ్లు కారు. వాళ్లలో అమ్మలు, నర్సులు, డాక్టర్లు ఉన్నారు. నాతో పనిచేసిన ఒక సిస్టర్ ప్రార్థన చేసుకునేది, అబార్షన్లు చేసే గదిలో డ్యూటీ వద్దని అడిగి తప్పించుకునేది. అయినా అబార్షన్ అయిన పేషెంట్లకు బీపీ చూసి, వేడి టీ తెచ్చి ఇచ్చేది ఆమే. ఆమె మీద నాకు గౌరవం.

నా మాట ఇది. ప్రాణమే. కాదని నేను ఎప్పుడూ అనలేదు, అబార్షన్ చేయించుకున్న చాలామంది కూడా అనలేదు. కానీ ఆ ప్రాణం ఇంకొక మనిషి ఒంట్లో, ఆమె రక్తంతో, ఆమె ఎముకల్లోని బలంతో పెరుగుతోంది. కిడ్నీ ఇస్తే కన్నకొడుకు బతుకుతాడన్నా తండ్రి ఒంటి మీద కత్తి పెట్టమని ఏ చట్టమూ చెప్పదు, ఆయన ఇష్టపడి ఇవ్వాలి. తల్లి విషయంలో మాత్రం తొమ్మిది నెలలు ఒళ్లు అప్పగించమని ఎలా శాసిస్తాం? వారాలు గడిచేకొద్దీ ఆ బిడ్డ పట్ల మన బాధ్యత పెరుగుతుందని నేనూ ఒప్పుకుంటాను. ఆరు వారాలూ ముప్పై వారాలూ ఒకటి కావు. అందుకే మొదట్లోనే, సులువుగా, తిట్లు లేకుండా అందాలి అంటున్నాను.

2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. 2023 అక్టోబర్‌లో అదే కోర్టు తడబడింది కూడా. ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాతి డిప్రెషన్‌తో మందులు వాడుతున్నామె, పాలిచ్చే రోజుల్లో నెలసరి రాక గర్భం సంగతే ఆలస్యంగా తెలిసింది. 26 వారాలు. మొదట అనుమతించారు. బిడ్డ బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టర్ రాశాక ఇద్దరు మహిళా న్యాయమూర్తులు వేర్వేరు దారులు పట్టారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ తన అంతరాత్మ ఒప్పుకోవడం లేదన్నారు. జస్టిస్ నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కుదరదంది. ఆ ఇద్దరిలో ఎవరినీ నేను తప్పుపట్టలేను. నా మనసు మాత్రం జస్టిస్ నాగరత్న వైపే ఉంది.

నిషేధిస్తే అబార్షన్లు ఆగిపోతాయి కదా?

ఆగవు, దొంగచాటుకు పోతాయి. రుమేనియాలో నియంత చౌషెస్కూ 1966లో దాదాపు పూర్తిగా నిషేధించాడు. తల్లుల మరణాలు యూరప్‌లోనే అత్యధిక స్థాయికి చేరాయి. 1989 డిసెంబర్‌లో నిషేధం పోయాక మరుసటి ఏడాదికే ఆ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి.

ఐర్లండ్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. కర్ణాటక అమ్మాయి, దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012 అక్టోబర్‌లో గాల్వేలో చనిపోయింది. గర్భం నిలబడదని తేలిపోయింది, తీసేయమని ఆమె అడిగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆలస్యం చేశారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. ఆమెకు 31 ఏళ్లు. 2018 మే 25న ఐర్లండ్ ప్రజలు 66 శాతం ఓట్లతో అక్కడి అబార్షన్ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తీసేశారు.

నిజంగా అబార్షన్లు తగ్గాలంటే? మన రెండు రాష్ట్రాలూ ఆడవాళ్లకు ఆపరేషన్ ఎక్కువగా చేసే రాష్ట్రాల్లో ముందున్నాయి. ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లు నిండీ నిండకుండానే ఆపరేషన్. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఏం వాడాలో మాత్రం చెప్పేవాళ్లు లేరు, కండోమ్ అంటే మగాడికి నామోషీ. ఆ మధ్య కాలంలో వచ్చిన గర్భాలే ఎక్కువగా మా బల్ల దగ్గరికి వచ్చేవి.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడ ఎలా?

2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. అప్పటి నుంచి ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం. జార్జియాలో సుమారు ఆరు వారాల దగ్గరే ఆపేశారు, చాలామందికి గర్భం వచ్చిందని తెలిసేది అప్పుడే. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో చట్టబద్ధం. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి వేరే రాష్ట్రానికి వెళ్లాలి, లేదా ఇండియా రావాలి. గర్భం పోతూ రక్తస్రావం అవుతున్నప్పుడు కూడా డాక్టర్లు లాయర్లను అడిగే పరిస్థితి అక్కడ వచ్చింది. కాబట్టి గర్భం ప్లాన్ చేసుకునే ముందే తన రాష్ట్రంలో నియమాలేంటో డాక్టర్‌ను అడిగి ఉంచుకోమనండి.

ఊళ్లో తెలిసిపోతుందా?

చట్టం ప్రకారం పేరు, వివరాలు బయటపెట్టకూడదు. బయటపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా పడొచ్చు. వార్డులో పేరు పెట్టి, కారణంతో సహా గట్టిగా పిలుస్తుంటే ఆపమని చెప్పే హక్కు మీకుంది. నేను చేరినప్పుడు మా దగ్గరా అలాగే పిలిచేవాళ్లు. తర్వాత ఓపీ నంబర్‌తో పిలవడం మొదలుపెట్టాం, దానికి పైసా ఖర్చు కాలేదు.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

చివరిసారి బహిష్టు అయిన తేదీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత స్కాన్లు, రక్తం గ్రూపు, వాడుతున్న మందుల చీటీలు ఉంటే పెట్టుకోండి. ఓపీ చీటీకి ఆధార్ అడగొచ్చు. తోడుగా ఎవరో ఒకరు ఉంటే మంచిది. మొగుడే కానక్కర్లేదు, వదినైనా, స్నేహితురాలైనా, మీ ఊరి ఆశా అయినా సరే. రెండు జతల పాత బట్టలు, ప్యాడ్లు, ఒక నీళ్ల సీసా. ఉదయం ఓపీకే వెళ్లండి, మధ్యాహ్నం వెళ్తే స్కాన్ మర్నాటికి పడుతుంది.